మూడు జబ్బల మీద టీకా

చౌడేపల్లె మునెప్ప తప్పిపోయి పన్నెండేళ్ళు. 1974లో ఒకరోజు తిరిగొచ్చాడు. మర్నాడే అతని పెళ్ళాం సుశీలమ్మ పుంగనూరు స్టేషన్ మెట్లెక్కింది.

"ఈయప్ప నా మొగుడు కాదు సార్. ఈయప్పతో కాపురం సెయ్యమంటాండారు."

ఎస్.ఐ. అమానుల్లా విచారణ మొదలుపెట్టాడు. మంగలి అతనే అన్నాడు. మేస్టారూ అతనే అన్నాడు. చిన్నప్పుడు అమ్మవారు పోసి మిగిలిన మశూచి మచ్చలు మొహం నిండా ఉన్నాయిగా అన్నారు. ఊరంతా కూడబలుక్కున్నట్టు ఒకే పాట. పోల్చడానికి పాత ఫొటో లేదు, వేలిముద్రలు లేవు. అమానుల్లాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె మాట నిజమనిపిస్తోంది. ఎవిడెన్స్ మాత్రం సున్నా.

కేసు మూసేద్దామనే విసుగుతో చివరిసారి ఆ ఇంటికి వెళ్ళాడు.

గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. లోపల మునెప్ప ముసుగు తన్ని పడుకున్నాడు.

"ఏమైంది?"

"పోయిన వారం టీకాలోళ్ళు మా ముగ్గురికీ పొడిసినారప్పా," అంది తల్లి బయ్యమ్మ. "వీడికి జబ్బ పొంగి జరం వచ్చిండాది. అమ్మవారు తన బిడ్డను గుర్తుపట్టిండాది. ఇంకా నీకు అనుమానం యాల?"

అమానుల్లా వెనక్కి తిరగబోయి ఆగాడు.

"నీకూ చిన్నప్పుడు పోసిందా?" అని బయ్యమ్మను అడిగాడు.

"పోసింది. నా మొగం సూడు."

"జబ్బ చూపించు."

చిన్న గుల్ల. అప్పుడే ఎండిపోయింది.

గోడ పక్కన నిలబడ్డ సుశీలమ్మకు అమ్మవారు పోయలేదు, చిన్నప్పుడు బడిలో టీకా మాత్రం వేశారు. ఆమె జబ్బ మీద కాస్త పెద్ద పొక్కు. అదీ మానుతోంది.

అమానుల్లా దుప్పటి లాగాడు. మునెప్ప జబ్బ మీద రూపాయంత చీము పొక్కు!

జీపు పంపి టీకాల ఇన్‌స్పెక్టర్ గంగాధరాన్ని రప్పించాడు.

"మూడూ ఒకే మందు కదా? ఎందుకీ తేడా?"

"మశూచి వచ్చి పోతే ఒంట్లో శక్తి గట్టిగా నిలిచిపోతుంది సార్. టీకాను అక్కడికక్కడే అణిచేస్తుంది. చిన్ననాటి టీకా శక్తి ఏళ్ళు గడిచేకొద్దీ కొంత తగ్గుతుంది. ఇంతలా పొంగిందంటే, ఈ ఒంటికి మశూచీ తెలీదు, టీకా తెలీదు."

అమానుల్లా దుప్పట్లోని మనిషి వైపు తిరిగాడు. "మరి ఆ మచ్చలెక్కడివిరా?"

అతను లేచి కూర్చున్నాడు. తల వాల్చేశాడు.

"సున్నం బట్టీలో కాలే సున్నం మొగాన చిమ్మింది సార్. బెంగళూరులో మునెప్పా నేనూ ఒకే గుడిసెలో ఉండాము. ఇంటి ముచ్చట్లన్నీ సెప్పేవాడు. ఒకనాడు లారీ ఎక్కి పోయినాడు, యాడికో తెలీదు. నాకు ఎవురూ లేరు సార్."

సుశీలమ్మ గోడకు ఆనుకుని భోరున ఏడ్చింది. కేసు తేలినా అమానుల్లాకు సంతోషం కలగలేదు.

బయ్యమ్మ గుమ్మానికున్న వేపమండలు పీకేసింది. వచ్చి అమానుల్లా ముందు నిలబడింది.

"అయితే కొత్త కేసు రాసుకోప్పా," అంది. "నా కొడుకు తప్పిపోయినాడు."