గుర్రం పాట ఎక్కడ పెట్టాలి

ఆ రోజు పొద్దున్న ముందు గది నేలంతా చీటీలే. పేపరు తెచ్చుకుందామని బయల్దేరిన పెద్దాయన ఒక కాలు పైకెత్తి, ఎక్కడ దించాలో తెలియక కొంగలా నిలబడిపోయాడు. పదకొండేళ్లు కొండదారిలో బస్సు నడిపిన మనిషికి సొంతింట్లో అడుగు వేసే చోటు లేకుండా పోయింది.

"తొక్కకు నాన్నా. అది రైల్వే గేటు," అంది కూతురు తలెత్తకుండా.

కూతురికి ఇరవై ఎనిమిదేళ్లు. తండ్రి కన్నా రెండంగుళాలు పొడుగు. అయినా ఇంట్లో పేరు మాత్రం బుడంకాయే. సోమవారం నుంచి తండ్రి పనిచేసిన డిపోలోనే, ఆయన తిరిగిన కొండదారిలోనే బస్సు నడపబోతోంది. ఆ కబురు చెప్పి మూడు రోజులైంది. ఈ మూడు రోజుల్లో ఆయన నోటి నుంచి వచ్చింది ఒక్కటే మాట, "వద్దు" అని. ఎందుకు వద్దని అడిగితే మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు.

తండ్రి సరేనంటేనే స్టీరింగు పట్టుకుంటానని ఆ పిల్ల అనలేదు. కానీ ఆ ఒక్క మాట కోసం మూడు రోజులుగా సరిగ్గా తిండి తినడం లేదు. అది తల్లికి తెలుసు. తండ్రికీ తెలుసు.

చీటీల సంగతి ఏమిటంటే, ఒక్కో దాని మీద ఒక్కో రాక్ పాట పేరు, పక్కనే ఎన్ని నిమిషాలో అంకె. వీధి గడప డిపో. వంటింటి గుమ్మం అవతలి ఊరి బస్టాండు. మధ్యలో సోఫా ఉంది కదా, అది కొండ. గంటా పది నిమిషాల దారికి సరిపడా పాటల్ని వరసగా పేర్చి, పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించాలని ఆ పిల్ల తాపత్రయం.

ఈ విద్య ఆమెకి ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పాలా? ఒకప్పుడు ఆ డిపోలో పాటల బస్సు అంటే ఈయన బస్సే. సెలవు రోజున అరువు తెచ్చిన రికార్డులు ముందేసుకుని, గడియారం చూసుకుంటూ క్యాసెట్లు నింపేవాడు. పాట మంచిదా కాదా అని కాదు, ఎక్కడ మంచిదో చూడాలి అనేవాడు. డిపోలోంచి బయటికొచ్చేటప్పుడు జనం ఇంకా సర్దుకుంటూ ఉంటారు, అక్కడ ఒట్టి గిటారు చాలు. కొండ ఎక్కేటప్పుడు ఇంజనే గొంతు చించుకుంటుంది, దాన్ని మించిన డ్రమ్ములు పడాలి. దిగేటప్పుడు మాత్రం మెత్తటి గొంతు ఉండాలి, లేకపోతే తెలియకుండానే కాలు బరువెక్కుతుంది. అలాంటి మనిషి ఇరవై రెండేళ్లుగా ఒక్క పాట వినలేదు. టేపు రికార్డరు అటక మీద దుమ్ము తింటోంది.

పెద్దాయన ఎలాగో పేపరు తెచ్చుకున్నాడు. వస్తూ వస్తూ బొటనవేలితో ఒక చీటీని రెండు జానలు వెనక్కి జరిపాడు. కాసేపటికి మంచినీళ్లకని లేచి ఇంకొకటి జరిపాడు. ఆ తర్వాత కళ్లజోడు కోసం లేచాడు, అది ఆయన ముక్కు మీదే ఉంది. కూతురు చూడనట్టే ఉంది గానీ, పెదవి కొరుక్కుని నవ్వాపుకుంటోంది.

వంటింట్లోంచి ఇల్లాలు అననే అంది. "మోకాళ్ల నొప్పులని నిన్నంతా మూలిగారు. ఇవాళ ఐదుసార్లు తిరిగారు ఈ గదిలోంచి ఆ గదిలోకి. నొప్పి తగ్గిందా, లేక ఆ చీటీలు లాగుతున్నాయా?"

ఆయన మాట దాటేద్దామని గొంతు సవరించుకున్నాడు. అప్పుడే సోఫా కాలికి ముందున్న చీటీ కంటబడింది. *గుర్రం పాట, 4 నిమిషాలు.*

గబుక్కున వంగి ఆ చీటీ తీసి జేబులో పెట్టుకున్నాడు.

"అదెందుకు తీశావు?"

"ఇది వద్దు."

"అది నా పాట నాన్నా. డ్రమ్ములు గుర్రం పరిగెత్తినట్టు ఉంటాయని పేరు కూడా నేనే పెట్టాను. ఎక్కడో ఒకచోట ఇరికించమని నీ వెంటపడి మరీ పెట్టించుకున్నాను. సరిగ్గా అక్కడే, కొండ ముందు."

"వద్దన్నానా!"

కూతురు లేచి నిలబడింది. గొంతు పెంచలేదు, కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "మూడు రోజులుగా బస్సు వద్దన్నావు. ఇప్పుడు పాట కూడా వద్దంటున్నావు. ఆడపిల్లవి నీకెందుకంటావా, అను. చేతకాదంటావా, పక్కన కూర్చుని చూడు. ఏదో ఒకటి చెప్పు నాన్నా. ఇలా మూగనోము పడితే నేనేమనుకోవాలి?"

ఇల్లాలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "చెప్పండి మరి. ఆ రోజు బ్రేకు పడకపోతే అది మీ తప్పా? దానికోసం పిల్లని ఆపుతారా?"

ఆ రోజు సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. కొండ దిగుతూ ఏడో మలుపులో బస్సు పిట్టగోడకి గుద్దుకుంది. దేవుడి దయ, ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. ముందు సీటులో కూర్చున్న ముసలాయన చెయ్యి మాత్రం విరిగింది. బ్రేకు పట్టలేదని ఈయన రాసిచ్చాడు. మరుసటి వారమే స్టీరింగు వదిలేసి, డిపోలో సామాన్ల గదికి మార్పించుకున్నాడు.

పెద్దాయన సోఫాలో కూలబడ్డాడు.

"బ్రేకు బాగానే ఉంది," అన్నాడు.

తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"క్యాసెట్టు మధ్యలో ఒక పాట ఇరికించాలంటే దాని తర్వాతవన్నీ మళ్లీ రికార్డు చేసుకోవాలి. చేశాను. ఒళ్లో ఇది కూర్చుని ఉంది, దీని గంతుల్లో పడి లెక్క చూసుకోలేదు. నాలుగు నిమిషాల పాట దూరితే వెనకవన్నీ నాలుగు నిమిషాలు ఆలస్యమవుతాయి కదా. ఎక్కేటప్పుడు రావాల్సిన డ్రమ్ములు దిగేటప్పుడు మొదలయ్యాయి. బస్సు జోరందుకుంది. పాట ఆపుదామని చెయ్యి చాపాను. ఒక్క క్షణం, అంతే. తలెత్తేసరికి గోడ."

"ఇన్నేళ్లూ నాకు కూడా చెప్పలేదు," అంది ఇల్లాలు మెల్లగా.

"ఎవరికి చెప్పినా దీని చెవిన పడుతుంది. ఆరేళ్ల పిల్ల. నా పాట వల్లే అనుకుంటే? పెద్దయ్యాక చెబుదామనుకున్నాను. ఇది పెద్దయ్యేలోపు నా అబద్ధం కూడా పెద్దదైపోయింది." కూతురి వైపు తిరిగాడు. "నువ్వు ఆడపిల్లవని కాదే. నీకు చేతకాదనీ కాదు. నా చెయ్యే నీకూ వచ్చిందేమోనని భయం."

కూతురు వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. ఆ కుడి చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. ఆయన వద్దనలేదు. మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఇల్లాలు కొంగుతో కళ్లద్దుకుని, ముక్కు చీది, గొంతు మామూలుగా చేసుకుంది. "తప్పు పాటది కాదు, పిల్లది కాదు, మీ చెయ్యిది. ఇప్పటికైనా ఒప్పుకున్నారు. ఆ చెయ్యి విరిగినాయన ఎక్కడున్నాడో కనుక్కుని, ఆ మాటేదో ఆయనకీ చెప్పి రండి. ముందు ఆ చీటీ ఎక్కడ పెట్టాలో తేల్చండి. నాకు వంటింట్లోకి దారి లేదు."

ముగ్గురూ ఏడుస్తూనే నవ్వారు.

పెద్దాయన నేల మీదకి దిగాడు. మోకాళ్ల నొప్పులు ఏమయ్యాయో ఆయనకే తెలియాలి. గంటసేపు తండ్రీకూతుళ్లు చీటీలు జరిపారు, మళ్లీ జరిపారు, ఒక గిటారు గురించి వాదించుకున్నారు. సోఫా అవతలి కాలు దగ్గర, అంటే దిగుడు మొదలయ్యే చోట, ఆయన ఒక తెల్ల చీటీ పెట్టాడు.

"ఇక్కడ ఏ పాట?"

"ఏదీ వద్దు. ఏడు నిమిషాలు ఖాళీగా వదిలెయ్యి. బస్సు ఏమంటోందో విను."

జేబులోంచి గుర్రం పాట తీసి చాలాసేపు చూశాడు. చివరికి దాన్ని వంటింటి గుమ్మం దాటించి, అవతల పెట్టాడు.

"ఇది బండి ఆగాక. హ్యాండ్‌బ్రేకు వేశాక."

"అప్పటికి అందరూ దిగిపోతారు కదా నాన్నా, వినేదెవరు?"

ఆయన ఆ చీటీ అంచు సరిచేసి లేచాడు.

సోమవారం పొద్దున్న మొదటి ట్రిప్పులో, డ్రైవరు వెనక సీటులో, ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కాతో ఒక పెద్దాయన టికెట్టు కొనుక్కుని కూర్చున్నాడు. డిపో దాటేదాకా ఒట్టి గిటారే. కొండ ఎక్కుతుంటే డ్రమ్ములు మోగాయి. పైకి చేరాక పాట ఆగిపోయింది. ఎవరో స్పీకరు పాడైందన్నారు. ఆయన మాత్రం సీటు అంచు పట్టుకుని మలుపులు లెక్కపెట్టుకున్నాడు. ఆరు. ఏడు. కూతురి రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. ఎనిమిది. అప్పుడు సీటు అంచు వదిలాడు.

బస్టాండులో బండి ఆగింది. హ్యాండ్‌బ్రేకు చప్పుడైంది. జనం సంచులు సర్దుకుని దిగిపోయారు. పెద్దాయన కూడా లేచి మెట్టు దాకా వెళ్లాడు. అంతలో వెనక గుర్రం పరిగెత్తింది. ఇరవై రెండేళ్ల తర్వాత, అదే పరుగు.

కాలు కదల్లేదు. వెనక్కి వచ్చి అదే సీటులో కూర్చున్నాడు. కళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆయనకి.

డ్రైవరు సీటులోంచి కూతురు వెనక్కి తిరిగింది. "ఇదే చివరి స్టాపండీ, దిగాలి," అంది.

"నాలుగు నిమిషాలు ఆగవే, బుడంకాయా," అన్నాడు.