అగరబత్తి ఆర్పిన అబ్బాయి

"ఊపిరి కొంచెం తగ్గించండి మేడం, మైకులో పడుతోంది" అన్నాడట ఆ అబ్బాయి. మా ప్రణతితో వాడి మొట్టమొదటి మాట అది!

వింటేనే నాకు ఒళ్లు మండింది. ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెప్పుకునే పిల్లను ఊపిరి తగ్గించమంటాడా? నా మనవరాలు ఊరుకునే రకమా?

"పూర్తిగా మానెయ్యనా?" అందట.

అద్దం వెనక కూర్చున్న ఆ సౌండ్ ఇంజనీరు, క్రాంతికుమార్, ఒక్క క్షణం తేరిపార చూశాడట. లేచి వచ్చి, దేవుడి పటం ముందు వెలుగుతున్న అగరబత్తులను వేళ్లతో నలిపేసి, తలుపులు బార్లా తీశాడు.

"సారీ అండీ. ఇన్‌హేలర్ తెచ్చుకున్నరా?"

నిర్మాత చిందులు తొక్కాడట, పూజ అగరబత్తి ఆర్పుతావా అని.

"దేవుడికి ఆస్తమా లేదు సార్, మేడంకు ఉంది."

ఆ వానాకాలమంతా షేక్‌పేట టీకొట్టు దగ్గర ఒకే గొడుగు కింద ఇద్దరూ. నాకు తెలియదనుకుంది పిచ్చిపిల్ల!

దసరా వెళ్లాక వాడు తల్లి బాలమణిని తీసుకుని పెళ్లి మాటలకు మా ఇంటికొచ్చాడు. ఆవిడ మా అబ్బాయినీ కోడలినీ పలకరించి, టీ తాగి, మెల్లగా అంది:

"పిల్ల బంగారం లెక్కున్నది. గానీ దమ్మున్నదంట గద. రేపు పుట్టే పిల్లలకు గూడ అదే వస్తది. మా వంశంల అసొంటివి లెవ్వు."

ఉబ్బసాన్ని వాళ్లు దమ్ము అంటారు. ప్రణతి మొహం మాడిపోయింది. క్రాంతి నేలచూపులు చూస్తున్నాడు. అదే నన్ను నిలువునా కాల్చింది.

నాకు చదువు లేదు, కానీ చూసిన మొహం మరిచిపోను. బాలమణి గడ్డం మీది ఆ పుట్టుమచ్చను ఎక్కడో చూశాను!

"ఏమ్మా బాలమణీ! ఇరవై ఏళ్ల కిందట, మృగశిర కార్తె నాడు, నాంపల్లిలో చేపమందు వరస గుర్తుందా? మా ప్రణతికి ఆరేళ్లు. మా ముందు పచ్చచీరలో నువ్వు, ఎనిమిదేళ్ల కొడుకుతో. ఉబ్బసమున్న పిల్లలు మందు పెట్టిన బతికున్న చేపపిల్లను మింగాలి కదా. నీ కొడుకు మింగలేక నా చీర మీద కక్కాడు. నా కుచ్చిళ్లు నువ్వే తుడిచావు. లేవా మీ వంశంలో?"

క్రాంతి జేబులోంచి ఇన్‌హేలర్ తీసి బల్ల మీద పెట్టాడు.

"అమ్మ చెప్పొద్దన్నది. నేను గూడ భయపడ్డ. తప్పు నాది ప్రణతీ."

"నిర్మాత ముందు అగరబత్తి ఆర్పావు. అమ్మ ముందు నోరు రాలేదా?" అంది నా మనవరాలు. శభాష్ అనుకున్నాను.

వాడు తల్లివైపు తిరిగాడు. "దమ్మున్న పిల్ల వద్దంటే, నన్నెవరు చేసుకోవాలె అమ్మా?"

బాలమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వీనికి వచ్చినంక మా అత్త రోజూ అన్నది, నీ రక్తంల కెల్లే వచ్చిందని. మల్ల ఆ మాట పడలేక దాచిన."

"పడ్డదానివి, అదే మాట మా పిల్లనెట్లా అంటావు?" అన్నాను. కోపం పోలేదు, కానీ సగం ఆవిడ అత్తగారి మీదికి మళ్లింది.

ప్రణతి వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. "డాక్టర్‌ను అడిగాను ఆంటీ. అమ్మానాన్నలకుంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువే. కానీ రాసిపెట్టి ఉండదు. మా అమ్మానాన్నలకు లేదు, నాకొచ్చింది. ఇంట్లో పొగ, దుమ్ము కూడా చూసుకోవాలి."

"మరి వస్తే?"

"దాచకపోతే, టైముకి మందిస్తాం."

మాఘమాసంలో పెళ్లి. పంతులుగారు మైకులో మంత్రాలు చదువుతూ హోమంలో నెయ్యి కుమ్మరిస్తున్నారు. జనంలోంచి ఒక్కసారిగా లేచింది బాలమణి.

"అయ్యగారూ, పొగ జర తక్కువ చెయ్యుండ్రి! నా కొడుక్కు, కోడలికి ఇద్దరికీ దమ్మున్నది!"

మండపమంతా తిరిగి చూసింది. ఆవిడ తల దించలేదు.

ప్రణతి పొగకు ఆయాసపడుతున్న పెళ్లికొడుకు వైపు వంగి, "మీ ఊపిరి మైకులో పడుతోందండీ" అంది.