దబ్బాకు మజ్జిగ

మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళ్తుంటే, రొయ్యల చెరువుల మధ్య జగన్నాథరాజుగారి డాబా ఒక్కటే ఉంటుంది. చుట్టుపక్కల ఇంకో ఇల్లు లేదు. ఎండాకాలం పదకొండు దాటితే ఆ ఇంటి తలుపులన్నీ మూసేస్తారు. వడగాలి కొట్టకుండా కిటికీలకి తడిపిన గోనెపట్టాలు కడతారు. పట్టపగలే లోపలంతా చీకటి, తడిసిన గోనె వాసన. పన్నెండున్నరకి పెద్దాయన చెరువుల మీంచి వచ్చి, హాల్లో పడకకుర్చీలో వాలి, కళ్ళు మూసుకుని చెయ్యి చాపుతారు. ఆ చేతిలో మజ్జిగ గ్లాసు పడాలి. మాటయినా, మంతయినా ఆ తర్వాతే.

ఏడేళ్ళపాటు ఆ గ్లాసు అందించింది పెద్దకోడలు ఉషారాణి. పెరుగు కవ్వంతో చిలికి, వెన్న తీసి, అల్లం, పచ్చిమిర్చి దంచి వేసి, పెరట్లో దబ్బచెట్టు ఆకులు రెండు చింపి కుండలో పడేసేది. అంతే. అదే పెరుగు, అదే ఉప్పు, అదే ఆకు చిన్నకోడలు మంజుష వేసినా ఆ రుచి వచ్చేది కాదు. "బానే ఉందమ్మా" అనేవారు పెద్దాయన. ఆ 'బానే' అన్న మాట మంజుషకి గొంతులో చేపముల్లులా ఉండిపోయేది.

మజ్జిగ ఒక్కటే అయితే సర్దుకునేదేమో. తన కన్నకూతురు గీతిక కూడా పెద్దమ్మ కొంగు వదిలేది కాదు. ఉషారాణికి పిల్లల్లేరు. అన్నం పెద్దమ్మే కలపాలి, జడ పెద్దమ్మే వెయ్యాలి, పడక పెద్దమ్మ పక్కనే. "కనడం నేనూ, పెంచడం ఆవిడానా?" అని భర్త ఫణీంద్ర దగ్గర ఏడ్చేది మంజుష. "వదిన మంచిదే కదే" అనేవాడతను. మంచిదే. అక్కడే కడుపుమంట. చెడ్డదైతే తిట్టుకుని ఊరుకోవచ్చు.

కిందటేడు రోహిణికార్తెలో ఒక రోజు గీతికకి జ్వరం వచ్చింది. మందు పట్టబోతే తల్లి చెయ్యి తోసేసి, పెద్దమ్మ కావాలని ఏడ్చి ఏడ్చి పడుకుంది. ఉషారాణి అప్పుడు ఇంట్లో లేదు. చెరువుల దగ్గరున్న భర్త రామకృష్ణకి క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళింది. ఒంటిగంటకి తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది. మొహం కందిపోయి ఉంది.

"మంజూ, నాలిక పిడచకట్టుకుపోతోంది. మజ్జిగుందా?"

ఫ్రిజ్‌లో కుండ నిండా ఉంది. పొద్దున్న ఉషారాణే చిలికి పెట్టింది.

"అయిపోయిందక్కా" అంది మంజుష, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

ఉషారాణి "సరేలే" అంది. ఇంతలో రామకృష్ణ ఫోన్ చేశాడు. చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగిపోయాయట, బీరువాలో ఉన్న మోటారు షెడ్డు తాళం తెమ్మన్నాడు. పెరట్లో కుళాయి దగ్గర కాగిపోయిన నీళ్ళు రెండు దోసిళ్ళు తాగి, తాళం తీసుకుని ఆమె మళ్ళీ ఎండలోకి నడిచింది. గంట తర్వాత గట్టు మీద పడి ఉంటే కాపలా వెంకన్న చూశాడు. నరసాపురం తీసుకెళ్ళేలోపే ప్రాణం పోయింది. వడదెబ్బ అన్నారు.

మంజుష ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. కర్మకాండలన్నీ అయ్యి చుట్టాలు వెళ్ళిపోయాక మాత్రం, వంటింట్లో ఒంటరిగా నిలబడి, ఇక ఇది నాది అనుకుంది. పిల్ల కూడా నాదే అనుకుంది. రామకృష్ణ చెరువుల దగ్గర షెడ్డులోనే ఉండిపోయాడు. ఇల్లు సద్దుమణిగింది.

ఏడాది తిరిగింది. మళ్ళీ రోహిణికార్తె వచ్చింది.

ఒక మధ్యాహ్నం మంజుష మజ్జిగ గ్లాసుతో హాల్లోకి వచ్చేసరికి పెద్దాయన తువ్వాలుతో మూతి తుడుచుకుంటున్నారు.

"మళ్ళీ ఎందుకమ్మా? ఇందాకేగా ఇచ్చారు" అన్నారు.

ఆయన కళ్ళకి శుక్లాలు. మనిషి పక్కకొచ్చినా పోల్చుకోలేరు. మీసాల మీద మాత్రం తెల్లటి నురగ మెరుస్తోంది.

"ఇన్నాళ్ళకి చెయ్యి కుదిరింది మీకు" అని మెచ్చుకున్నారు.

మంజుషకి ముందు భయం వెయ్యలేదు. ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళుగా కాచుకున్న ఆ మెచ్చుకోలు వచ్చింది, తనకి కాకుండా ఇంకెవరికో వచ్చింది. మర్నాడు ఫణీంద్ర భోజనానికి వచ్చాడు. మజ్జిగ ఇవ్వబోతే "ఫ్రిజ్ మీద పెట్టావుగా, తాగేశాను. ఇవాళ్టిది చాలా బావుంది" అన్నాడు. మంజుష ఫ్రిజ్ మీద ఏమీ పెట్టలేదు. ఖాళీ గ్లాసు అడుగున దబ్బాకు ముక్క ఒకటి అంటుకుని ఉంది.

చచ్చి కూడా వంటిల్లు వదల్లేదన్నమాట అనుకుంది. పాలవాణ్ణి రావద్దని చెప్పింది. ఇంట్లో ఉన్న పెరుగంతా పారబోసింది. కవ్వం తీసుకెళ్ళి చెరువులోకి విసిరింది. వెంకన్నని పిలిచి దబ్బచెట్టు మొదలంటా నరికించింది. "కాపు మీదున్న చెట్టండి, ఎందుకండి?" అన్నాడు వెంకన్న. "పాములొస్తున్నాయి" అంది.

ఆ మధ్యాహ్నం బయట నుంచి నిమ్మకాయ సోడా తెప్పించి గీతికని పిలిచింది.

"నాకొద్దు. పెద్దమ్మ మజ్జిగ ఇచ్చింది" అంది పిల్ల.

మంజుష ఒంగి పిల్ల మూతి వాసన చూసింది. అల్లం. దబ్బాకు. అప్పుడు... అప్పుడు మొదటిసారి ఆమెకి భయం వేసింది.

"ఏం చెప్పింది పెద్దమ్మ?"

"రోజూ ఇస్తానంది. తాగితే తనతో తీసుకెళ్తానంది."

ఆ రాత్రి మంజుష రెప్ప వాల్చలేదు. భర్తకి చెప్పలేకపోయింది. వదిన ఎందుకొస్తోందని అడిగితే, కుండ సంగతి కూడా చెప్పాలి కదా.

మర్నాడు పదకొండింటికే పిల్లని గదిలోకి తీసుకెళ్ళి లోపల గడియ పెట్టింది. ఫణీంద్ర భీమవరం వెళ్ళాడు. పెద్దాయన హాల్లో కునుకు తీస్తున్నారు. పన్నెండుకి కరెంటు పోయింది. ఫ్యాను మెల్లగా తిరిగి, తిరిగి, ఆగింది. గది చీకటి. కిటికీకి కట్టిన గోనెపట్టా ఎండి, గాలికి గోడకేసి గీరుకుంటోంది. బయట పిట్ట కూత కూడా లేదు. మంజుష మెడ మీంచి చెమట ధారగా కారుతోంది. పిల్ల ఒళ్ళో పడుకుని ఉంది.

వంటింట్లోంచి చప్పుడు వినబడింది.

చుయ్... చుయ్... చుయ్...

కవ్వం తిరుగుతోంది. తొందరలేకుండా తిరుగుతోంది. చెరువు అడుగున ఉండాల్సిన కవ్వం.

తలుపు సందులోంచి వాసన వచ్చింది. పచ్చి అల్లం నలిగిన వాసన. వెనకాలే చింపిన దబ్బాకు ఘాటు. గదిలో వేడి తగ్గింది. తగ్గుతూనే ఉంది... మంజుష చెమట ఒంటి మీదే చల్లబడి, పళ్ళు టకటకలాడాయి.

చప్పుడు ఆగింది.

గీతిక లేచి కూర్చుంది. కళ్ళు పూర్తిగా తెరవలేదు. "పిలుస్తోంది" అంది.

"ఎవరూ లేరు. పడుకో."

"పిలుస్తోందమ్మా. వదులు."

మంజుష గట్టిగా పట్టుకుంది. పిల్ల గింజుకుంది. అయిదేళ్ళ పిల్లకి ఉండాల్సిన బలం కాదది. తలుపు అవతల తడి అడుగుల చప్పుడు... ఒకటి... రెండు... గుమ్మం దగ్గర ఆగిపోయాయి. గడియ దానంతటదే కదలలేదు. ఎవరూ తలుపు తట్టలేదు. అవతల ఎవరో ఓపిగ్గా నిలబడి ఉన్నారు. అంతే.

ఆ ఓపికే మంజుష భరించలేకపోయింది. బతికున్నప్పుడూ ఇంతే. ఒక్కమాట అనేది కాదు.

"అక్కా" అంది. "ఆ రోజు ఉంది. కుండ నిండా ఉంది. నేనే లేదన్నాను. నన్నేం చేసినా చెయ్యి. పిల్లనొదిలెయ్."

అడుగులు వెనక్కి వెళ్ళాయి.

మంజుష పిల్లని మంచం మీద పడుకోబెట్టి, గది బయటికొచ్చి, తలుపుకి బయట గడియ వేసింది. వంటింట్లో ఎవరూ లేరు. గట్టు మీద స్టీలు గ్లాసు ఒక్కటి ఉంది. నిండా మజ్జిగ. గ్లాసు చుట్టూ చెమట పట్టినట్టు నీటిబొట్లు. పైన తేలుతున్న ఆకు పచ్చగా, అప్పుడే కోసినట్టుంది.

పారబోయాలనుకుంది. చెయ్యి రాలేదు. పారబోస్తే రేపు మళ్ళీ వస్తుంది. ఎల్లుండి వస్తుంది. ఎప్పుడో ఒకనాడు తన కన్నుగప్పి పిల్ల తాగుతుంది. అదీకాక ఇంకో సంగతి ఉంది, అది ఒప్పుకోవడానికి ఆమెకే సిగ్గనిపించింది. ఇంట్లో అందరికీ అందిన గ్లాసు తనకొక్కదానికే అందలేదు. అందులో ఏముందో, తన చేతిలో లేనిదేమిటో... ఒక్కసారి తెలుసుకోవాలనిపించింది.

గ్లాసెత్తి తాగింది. కళ్ళు మూసుకుని, ఆపకుండా తాగింది. చల్లగా గొంతు దిగింది, గుండె దిగింది, కడుపులో చేరి అక్కడ చేతులు కాళ్ళు ముడుచుకుని పడుకున్నట్టయింది. అంత కమ్మటి మజ్జిగ ఆమె జన్మలో తాగలేదు.

కళ్ళు తెరిచేసరికి కరెంటొచ్చింది. హాల్లో ఫ్యాను తిరుగుతోంది. ఇల్లంతా మామూలుగా ఉంది.

"పెద్దమ్మాయ్" అని పిలిచారు జగన్నాథరాజుగారు హాల్లోంచి.

"వస్తున్నా మావయ్యగారూ" అంది.

అన్నాకే తట్టింది. ఆయన చిన్నమ్మాయ్ అని పిలవలేదు. తను ఎందుకు పలికింది? కలవరింతలో పిలిచి ఉంటారు, కళ్ళు కూడా ఆనవు అని సర్దిచెప్పుకుంది. పరుగున వెళ్ళి గది గడియ తీసింది.

గీతిక మంచం మీద కూర్చుని ఉంది. ఆమెని చూసి మొహమంతా నవ్వింది. ఏడాదిగా తల్లి కోసం ఆ పిల్ల అలా నవ్వలేదు. రెండు చేతులూ చాపి మెడ చుట్టూ వేసుకుంది. మంజుషకి ప్రాణం లేచొచ్చింది. చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకుంది. పిల్ల జుట్టులో మొహం దాచుకుంది.

"జడ వెయ్యి పెద్దమ్మా" అంది గీతిక.

"నేనమ్మా... అమ్మని" అంది మంజుష. ఆ మాట తన చెవికే అబద్ధంలా వినిపించింది.

పిల్ల అర్థం కానట్టు చూసింది. అప్పుడే మంచం మీద ఫోన్ మోగింది. మంజుష ఫోనే అది. గీతిక చటుక్కున అందుకుని చెవికి పెట్టుకుంది.

"ఆఁ... తిన్నాను... లేదు, ఏడవలేదు... నువ్వెప్పుడొస్తావ్?"

కాసేపు విని, ఫోన్ ఆమె వైపు చాపింది.

"పెద్దమ్మా, నీకిమ్మంటోంది."

ఆమె తీసుకుని చెవికి ఆనించింది. ముందు వడగాలి హోరు వినిపించింది. ఆ తర్వాత ఒక గొంతు... నెమ్మదిగా, అలిసిపోయి... అచ్చం తన గొంతే.

"అక్కా, నేను మంజుషని. పాప నా గురించి అడుగుతోందా?"