భోజనాల బల్ల మీద జీప్నీ స్టీరియో

హెర్మీనియా పొయ్యి మీద వెల్లుల్లి అన్నం కలుపుతుండగా ముందుగదిలోంచి కూతురి కేక వినపడింది.

"అమ్మా! నా కంప్యూటర్ ఎవరు విప్పారు?"

జోవెలిన్‌కి ఎనిమిదింటికి డ్యూటీ. ఇంట్లోనే కూర్చుని కస్టమర్ల ఫిర్యాదులు వినే ఉద్యోగం. ఇంకా పది నిమిషాలే ఉంది. కంప్యూటర్ పక్క రేకు ఊడి ఉంది. లోపల కరెంటు అందించే డబ్బా లేదు.

కూతురు వంటింట్లోకి రాగానే హెర్మీనియా గరిటెతో భోజనాల బల్లవైపు చూపించింది.

అక్కడ ఫౌస్తో బనీనుతో కూర్చున్నాడు. ఎదురుగా, తను జనాన్ని ఎక్కించుకుని తిప్పిన బండి, ఆ జీప్నీలోని స్టీరియో, రెండు స్పీకర్లు. పక్కనే కూతురి కంప్యూటర్ డబ్బా. దాని తీగల గుత్తిని కోసేసి, కొసలు వలిచి పెట్టాడు.

"నాన్నా, ఏం పని ఇది?"

"స్టీరియోకి పన్నెండు వోల్టులు కావాలి. బండిలో అయితే బ్యాటరీ ఉండేది" అన్నాడు తలెత్తకుండా.

"నన్నొక్కమాట అడగొచ్చుగా!"

"నా బండి అమ్మేటప్పుడు నువ్వు అడిగావా?"

ఇలోయిలో నగర వీధుల్లో ఇరవై ఆరేళ్లు నడిపాడు ఆ జీప్నీని. కూతురికి ఉద్యోగం వచ్చిందని మురిసిపోయి కాగితాలు ఆమె పేరున రాయించాడు. మూడు వారాల కిందట, ఆదివారం చర్చి నుంచి తిరిగొచ్చేసరికి వాకిట్లో బండి లేదు. కొన్నవాణ్ణి వెతుక్కుంటూ పక్క ఊరు వెళ్లి, స్టీరియో ఒక్కటైనా ఇమ్మని బతిమాలి తెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి కూతురితో మాటల్లేవు.

ఆఫీసు నుంచి జోవెలిన్ ఫోన్ మోగింది. "సారీ మేడమ్, కంప్యూటర్ పాడైంది... తెలుసు మేడమ్, చెప్పకుండా మానకూడదని తెలుసు" అని పెట్టేసి, తండ్రివైపు తిరిగింది.

"సంతోషమేనా? పోనీ, అదైనా మోగుతోందా?"

"మోగితేగా! నీ డబ్బానే పనికిమాలింది. స్టీరియో పసుపు తీగా, ఎర్ర తీగా కలిపి డబ్బాలోని పసుపుకి చుట్టాను. నలుపుకి నలుపు. షాపువాడు చెప్పింది చెప్పినట్టు చేశాను. ఫ్యాన్ తిరుగుతోంది, పాట రాదు."

జోవెలిన్ ప్లగ్గు లాగేసి వంగి చూసింది.

"ఇది ఏ రంగు, నాన్నా?"

"పసుపు. కళ్లు లేవా నీకు?"

"ఇది నారింజ. పసుపంటే ఇది." రెండు తీగలూ అతని ముఖం ముందు పట్టుకుంది.

ఫౌస్తో ఒకదాన్నీ చూశాడు, రెండోదాన్నీ చూశాడు. రెండూ పలచటి టీ రంగులోనే కనిపించాయి.

"ఈ గదిలో వెలుతురెక్కడ ఏడ్చింది!"

కిటికీలోంచి ఎండ నేరుగా బల్ల మీదే పడుతోంది. జోవెలిన్ ఇక ఆగలేకపోయింది.

"బడి దగ్గర కూడా వెలుతురు లేదా? రోడ్డు దాటుతున్న పిల్లకి జానెడు దూరంలో ఆపావు బండి! బ్రేకులు పట్టలేదన్నావు. మెకానిక్ నాలుగుసార్లు చూశాడు, బ్రేకులకి ఏ రోగమూ లేదు! ఆ పిల్ల తల్లి నా దగ్గరికొచ్చి ఏడిస్తే, ఇంకెవరికీ చెప్పొద్దని నేను ఆమె చేతులు పట్టుకున్నాను. అడిగితే తాళంచెవి ఇచ్చేవాడివా నువ్వు?"

"నోర్ముయ్!" ఫౌస్తో విసిరిన పట్టుకారు గోడకి తగిలి కింద పడింది. "దొంగచాటుగా అమ్మేసి నాకు నీతులు చెప్తావా!"

హెర్మీనియా పొయ్యి ఆపేసి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"దాన్ని తిట్టకు. అమ్మమని చెప్పింది నేను. నేనే చర్చిలో నిన్ను ఆపాను, కొన్నవాడు వచ్చి వెళ్లేదాకా. మూడు వారాలుగా అది నా బదులు నీ కోపం భరిస్తోంది. తిట్టాలంటే నన్ను తిట్టు."

ఫౌస్తో ఖాళీ అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

"ఆ పిల్ల చేతిలో ఎర్ర గొడుగుందట" అన్నాడు. "అందరూ అన్నారు. నాకు గొడుగే కనపడలేదే, హెర్మీనియా. జనం అరిస్తే తొక్కాను బ్రేకు. బాగానే పట్టింది."

ముంజేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"ఆ మాట ఆ రోజే చెప్తే నీ సొమ్ము పోయేదా?" జోవెలిన్ గొంతులో కోపం ఇంకా తగ్గలేదు, కళ్లు మాత్రం నిండాయి. "మూడు వారాలు నన్ను దొంగని చూసినట్టు చూశావు."

"తప్పయిపోయిందమ్మా. నీ డబ్బా తీగలు మళ్లీ అతకవా?"

"అతకవు. కొత్తది కొనుక్కోవాలి. ఎటూ నా డ్యూటీ మంట్లో కలిసింది, జరుగు."

కుర్చీ లాక్కుని కూర్చుంది. తల్లి పట్టుకారు తీసిచ్చింది. నారింజ తీగ విప్పి, పసుపుది చుట్టి, టేపు వేసి, ప్లగ్గు పెట్టింది. స్పీకర్లు ఒక్కసారి దగ్గాయి. ఎవరో రేడియోలో చేపల ధరలు చదవడం మొదలుపెట్టారు.

ఫౌస్తో చెయ్యి స్టీరియో దాకా వెళ్లి ఆగిపోయింది.

"కళ్లాసుపత్రికి రేపు నువ్వు వస్తావా నాతో?" అన్నాడు. "ఒక్కణ్ణే వెళ్దామని మొన్న బయల్దేరాను. రోడ్డు దాటలేక తిరిగొచ్చేశాను."

జోవెలిన్ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "రేపెందుకు? చొక్కా వేసుకో."