ట్యాంకు నుంచా, రోడ్డు నుంచా?

అమ్మ సంచిలో మూడు జతలు పెట్టింది. తీసింది. ఐదు పెట్టింది. మళ్లీ ఒకటి తీసింది.

"అమ్మా, నేను ఊరు దాటి పోవట్లేదు. స్టేడియం దాకానే."

"ఎన్ని రోజులకే?"

"తెలీదు."

"తెలీని చోటికి ఎన్ని జతలు పెట్టాలో నాకెవరు చెప్తారు మరి?"

ముందు రోజు, శుక్రవారం పొద్దున, నగరం అరనిమిషం పాటు ఊగింది. వీళ్లింట్లో గోడకో పగులు, రెండు గాజు గ్లాసులు, అంతే. నగరం అవతలి కొసలో మాత్రం పేటలకు పేటలే కూలిపోయాయి. కూతురు నీళ్ల శాఖలో క్లర్కు. ఇండోర్ స్టేడియంలో కంట్రోల్ రూమ్ పెట్టారని, నీళ్ల టేబుల్ దగ్గర కూర్చోవాలని తెల్లారేసరికి ఆర్డరు వచ్చింది.

టార్చి, దువ్వెన, పిన్నీసులు, తలనొప్పి మాత్రలు అయ్యాక, అమ్మ సంచి అడుగున ఇంకో జత విడిగా పెట్టింది. "ఇది వేసుకోకు. తిరిగొచ్చే రోజుకి."

అది ఆవిడ నియమం. ఉతికిన జత ఒకటి సంచిలో ఎదురుచూస్తూ ఉంటే, మనిషి దానికోసమైనా ఇంటికి వస్తుందని ఆవిడ నమ్మకం. భర్తను ఆఖరిసారి ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు, తొందరలో ఆ జత పెట్టలేదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు కానీ, అప్పట్నుంచీ ఎవరు బయల్దేరినా సంచి అడుగు తడిమి చూస్తుంది.

బయట జీపు హారన్ మోగింది.

"వదినా! భూకంపమే అరనిమిషంలో అయిపోయింది. మీ సర్దుడు ఇంకా కాలేదా?"

బాబాయి. అమ్మాయి తండ్రికి సొంత తమ్ముడు. నీళ్ల శాఖ జీపు నడుపుతాడు. పెళ్లి చేసుకోలేదు. పిల్లలుంటే బాగుండునని అనిపించినప్పుడల్లా అన్న కూతురిని ఏడిపిస్తాడు.

"నీ ఇస్త్రీ చొక్కా కూడా ఒకటి దాని సంచిలో పెట్టానయ్యా," అంది అమ్మ గేటు దగ్గర.

"నాకెందుకు వదినా? నా ఇల్లు నాలుగు చక్రాల మీద నా వెంటే వస్తుందిగా."

"దాన్ని దింపేసి ఊరుకోవడం కాదు. మళ్లీ నువ్వే తీసుకురావాలి."

"తెస్తాను. కుదిరితే అల్లుణ్ణి కూడా తెస్తాను."

"బాబాయ్!" అని అమ్మాయి ఎర్రబడింది. జీపు కదిలింది. అమ్మ వీధి మలుపు దాకా చూస్తూ నిలబడింది. మలుపు తిరిగాక కూడా కాసేపు నిలబడింది.

*

స్టేడియం నేల మీద బ్యాడ్మింటన్ గీతలున్నాయి. ఆ గీతల మధ్య ఒక్కో శాఖకో టేబుల్, టేబుల్ మీద అట్టముక్క: నీళ్లు, కరెంటు, రోడ్లు, ఆసుపత్రులు, రెస్క్యూ. మధ్యాహ్నానికల్లా ఎవరి పేర్లూ ఎవరికీ గుర్తులేవు. "కరెంటన్నయ్యా, ఇటు చూడు." "నీళ్లమ్మాయీ, ఫోన్." అందరి పైనా కంట్రోల్ మేడమ్. గొంతు పోయింది కాబట్టి చేతిలో ఈల.

మొదటి కబురు మూడు గంటలకు వైర్‌లెస్‌లో వచ్చింది.

"రెస్క్యూ ఇంజినీర్ని మాట్లాడుతున్నా. మూడో వీధిలో నీళ్లు ఆపించండి. సెల్లారు నిండిపోతోంది, లోపల మనుషులున్నారు. తొందరగా!"

అమ్మాయి వాల్వు దగ్గరున్న మనిషికి చెప్పింది. ఐదు నిమిషాల్లో మూడో వీధి వాల్వు కట్టేశారు. ఆమె రిజిస్టర్లో రాసుకుని, ఇంత చక్కగా పని చేసినందుకు తనకు తానే ఒక బిస్కెట్ బహుమతిగా ఇచ్చుకుంది.

ముప్పావు గంటకు హాల్లోకి ఒక మనిషి వచ్చాడు. మనిషి అనడం కన్నా బురద అనడం నయం. హెల్మెట్ కింద రెండు కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ రెండూ నీళ్ల టేబుల్ వైపే చూస్తున్నాయి.

"మూడో వీధి నీళ్లు ఆపమన్నాను. ఆపారా?"

"అప్పుడే ఆపేశాం."

"మరి నేను మొలలోతు నీళ్లలో ఎందుకు నిలబడ్డానండీ?"

"అది నన్నడుగుతారేంటి? నిలబడింది మీరు."

అతను నోరు తెరిచాడు. అంతలో ఫోన్ మోగింది. గుడారాల ఆసుపత్రి డాక్టరమ్మ. "ఎవరమ్మా మా నీళ్లు కట్టేసింది? చేతులు కడుక్కోవడానికి కూడా చుక్క లేదిక్కడ!"

"మీరెక్కడున్నారండీ?"

"ఐదో వీధిలో!"

"ఐదో వీధిలో నీళ్లున్నాయే!"

"అంటే నేను అబద్ధాలాడుతున్నానా?"

కంట్రోల్ మేడమ్ ఈల ఊదింది. ముగ్గురి గొడవా మ్యాప్ ముందుకు వెళ్లింది. ఆ పేటకు ఒక చివర నీళ్ల ట్యాంకు, ఇంకో చివర పెద్ద రోడ్డు, మధ్యలో ఏడు వీధులు. నీళ్ల శాఖ వీధుల్ని ట్యాంకు నుంచి లెక్కపెడుతుంది, నీళ్లు అటునుంచే వస్తాయి కాబట్టి. రెస్క్యూ వాళ్లూ, ఆసుపత్రి వాళ్లూ రోడ్డు నుంచి లెక్కపెడతారు, బళ్లు ఇటునుంచే వెళ్తాయి కాబట్టి. వీళ్ల మూడోది వాళ్లకు ఐదోది.

"ఇద్దరూ కరెక్టే," అంది మేడమ్ బొంగురుగొంతుతో. "అదే నా తలనొప్పి. ఇకనుంచి ఉత్త నంబరు చెప్పడానికి వీల్లేదు. ట్యాంకు నుంచా, రోడ్డు నుంచా, అది కూడా చెప్పాలి."

సెల్లారులో ఉన్న నలుగుర్నీ అతను ఆ మొలలోతు నీళ్లలోంచే బయటికి లాగి మరీ వచ్చాడని ఆమెకు సాయంత్రం తెలిసింది. మిగిలిన బిస్కెట్ల ప్యాకెట్టు కరెంటన్నయ్య టేబుల్ మీదికి తోసేసింది.

*

ఆదివారం అతను వచ్చినప్పుడు ఆమె అడక్కుండానే టీ ఇచ్చింది.

"ఇది ట్యాంకు టీనా, రోడ్డు టీనా?"

"తాగితే తాగండి, లేకపోతే ఇటివ్వండి."

మొహం కడుక్కుంటే అతను మరీ కుర్రాడిలా ఉన్నాడు. గోడలకు పగుళ్లు చూసి, లోపలికి మనుషుల్ని పంపొచ్చో లేదో చెప్పడం అతని పని. అంటే ప్రతి ఇంట్లోకీ అందరికన్నా ముందు వెళ్లేది అతనే. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ ఆమెకు వైర్‌లెస్ గరగరమన్నప్పుడల్లా గుండె ఝల్లుమంటోంది. తనకెందుకు ఝల్లుమనాలి? పరిచయమై రెండు రోజులు కాలేదు. ఏమీ అర్థం కాలేదు.

సోమవారం వాన. స్టేడియం రేకుల మీద చప్పుడుకి పక్కవాళ్ల మాట పక్కవాళ్లకు వినపడలేదు. అతను టేబుల్ ముందు నిలబడి తుడుచుకున్న తలనే మళ్లీ తుడుచుకుంటున్నాడు.

"ఏం కావాలి?" అని అరిచింది ఆమె.

"ఏం లేదు!" అని అతనూ అరిచాడు. "ఒక సంగతి కనిపెట్టాను! ఏడు వీధుల్లో నాలుగోది ఎటునుంచి లెక్కపెట్టినా నాలుగోదే! మనిద్దరికీ పోట్లాట లేని వీధి అదొక్కటే!"

సరిగ్గా అప్పుడే వాన ఠక్కున తగ్గింది. ఆఖరి మాట హాలంతా విన్నది. కరెంటన్నయ్య దగ్గాడు. మేడమ్ ఈల నోట్లో పెట్టుకుని కూడా ఊదలేదు.

మంగళవారం పొద్దున అతను ఇంకాస్త ముందుకెళ్లాడు.

"ఇవాళ్టి నుంచి నేనూ ట్యాంకు నుంచే లెక్కపెడతానండీ."

"ఎందుకూ?"

"ఎందుకో మీకు తెలుసు."

"నాకేం తెలీదు. నేనేమో రోడ్డు నుంచి అలవాటు చేసుకుంటున్నా."

"మీరెందుకూ?"

"ఎందుకో మీకూ తెలుసు."

పక్కనే టీ తాగుతున్న బాబాయికి పొలమారింది. "బాగుంది వరస! ఇద్దరూ చెరో చివర్నుంచి బయల్దేరి, మధ్యలో కనపడకుండానే దాటిపోయేట్టున్నారు. ఏం బాబూ, వేళాకోళమా, నిజమా?"

"నిజమేనండీ బాబాయిగారూ."

"నేను నీకెప్పట్నుంచి బాబాయినయ్యానూ?"

అతను హెల్మెట్ ముందూ వెనకా మార్చి పెట్టుకుని వెళ్లిపోయాడు.

అతను నిజంగానే అన్నాడా? ఆమె మధ్యాహ్నం దాకా రిజిస్టరు చూస్తూనే ఉంది. అతని దగ్గర్నుంచి పది కబుర్లు వచ్చాయి. తొమ్మిదిసార్లు శుభ్రంగా ట్యాంకు నుంచే చెప్పాడు. ఒక్కసారి మాత్రం, "రోడ్డు నుంచి రెండో... కాదు కాదు, ట్యాంకు నుంచి ఆరో వీధి," అని నాలుక కరుచుకున్నాడు.

*

మూడూ ఇరవైకి వైర్‌లెస్ గరగరలాడింది.

"నీళ్ల టేబులూ... మూడో వీధి... పచ్చ గేటు మేడ... మెట్లు కూలాయి. నాతో ఒక పెద్దాయన ఉన్నాడు. పై శ్లాబు దిగుతోంది... తొందరగా..."

అంతే. ఆగిపోయింది. ఆమె పిలిచింది. మళ్లీ పిలిచింది. గరగర తప్ప జవాబు లేదు.

అప్పగించిన వీధి పూర్తిచేసి, ఎవరో కేకేస్తే అటు పరిగెత్తాడని మాత్రమే అతని టీమువాళ్లకు తెలుసు. ఎటో చూడలేదు. పచ్చ గేట్లు ఆ పేటలో వీధికి పది. ఖాళీగా ఉన్న రెస్క్యూ టీము ఒక్కటే. ఒక మూడో వీధి నుంచి ఇంకో మూడో వీధికి శిథిలాలు చుట్టి వెళ్లాలంటే నలభై నిమిషాలు. దిగుతున్న శ్లాబు నలభై నిమిషాలు ఆగదు.

మేడమ్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ఎటునుంచి మూడోది?"

హాలంతా ఆమెనే చూస్తోంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మనిషికి పాత అలవాటే నోటికొస్తుంది కదా. అయితే రోడ్డు. కానీ పొద్దున మాటిచ్చాడు. అది మాటా, వేళాకోళమా? తొమ్మిదిసార్లు నిలబెట్టుకున్నాడు. ఒక్కసారి తప్పాడు.

"ట్యాంకు నుంచి," అంది.

"ఖాయమేనా?"

"తొంభై పాళ్లు."

టీము బయల్దేరింది. మిగతా పది పాళ్ల గురించి ఎవరూ అడగలేదు. బాబాయి మాత్రం జేబులోంచి తాళం తీశాడు.

"ఆ పది పాళ్లకీ నా జీపు చాలు."

"బాబాయ్, వద్దు. అక్కడ గోడలు..."

"లోపలికి వెళ్లనే పిచ్చిదానా. వీధిలో నిలబడి హారన్ కొడతా. ఉంటే పలుకుతాడు, లేకపోతే వచ్చేస్తా. అల్లుణ్ణి తెస్తానని మీ అమ్మకి మాటిచ్చానా లేదా?"

ఆమె వైర్‌లెస్ మీంచి కళ్లెత్తలేదు. "తొందరగా రా," అని మాత్రం అంది.

మూడూ యాభై ఐదుకి టీము గొంతు వినపడింది. "దొరికారు! ఇద్దరూ!" వెనకే దగ్గు, ఆ దగ్గు వెనక అతని గొంతు.

"ట్యాంకు నుంచి మూడో వీధి నుంచి మాట్లాడుతున్నానండీ. ఇందాక ఆ ముక్క చెప్పేలోపే కట్టయింది."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"మీరేగా పొద్దున చెప్పారు."

"నమ్మారా?"

"తొంభై పాళ్లు."

అతను ఇంకోసారి దగ్గాడు. "మిగతా పది పాళ్లూ నమ్మించడానికి నాకెన్నాళ్లైనా ఫర్వాలేదండీ. నాలుగో వీధి మళ్లీ కట్టాక, అక్కడ మనకో ఇల్లు చూద్దామా? ఓవర్."

హాల్లో ఒక్క ఫోనూ మోగలేదు. మోగినా ఎవరూ ఎత్తేట్టు లేరు.

"చూద్దాం," అంది ఆమె. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలీలేదు. "ఓవర్ అనమ్మా, ఓవర్!" అని కరెంటన్నయ్య అందించాడు.

"ఓవర్."

చప్పట్ల మధ్య ఆమె జీపుని పిలిచింది. "బాబాయ్, దొరికాడు. వచ్చేయ్."

"అంతా విన్నాలేవే. ఊరంతా విన్నది నేను వినకుండా ఎలా ఉంటాను? సందు ఇరుగ్గా ఉంది, జీపు తిప్పుకుని వస్తున్నా. మీ అమ్మకి నేను చెప్తా. నువ్వు ముందే చెప్పేసి నా సరదా పాడుచెయ్యకు."

నాలుగూ పదికి భూమి మళ్లీ కదిలింది. ఈసారి అరనిమిషం కూడా కాదు, నాలుగు క్షణాలు. రేకుల కింద దీపాలు ఊగి ఆగాయి. టేబుల్ మీద టీ కొంచెం తొణికింది.

*

శనివారం ఆమె ఇంటికి వచ్చింది. సంచి ఇంజినీరు మోసుకొచ్చాడు. అతని ఎడమచేతికి కట్టు ఉంది.

అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"నువ్వేనా బాబూ?"

"నేనేనండీ."

"లోపలికి రా. నువ్వొస్తావని వెళ్లేటప్పుడే చెప్పాడు మా మరిది."

సంచి విప్పి, అడుగున ఉన్న జత తీసి కూతురికిచ్చింది. దానికింద ఇస్త్రీ చొక్కా ఉంది. మడత నలగలేదు. ఆవిడ దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

రెండేళ్లకు నాలుగో వీధి మళ్లీ కట్టారు. నాలుగో ఇల్లు వీళ్లది. అమ్మ కూడా వీళ్లతోనే ఉంటుంది. ఎవరు ఏ పనిమీద ఎక్కడికి బయల్దేరినా, ఇప్పటికీ సంచి సర్దేది ఆవిడే.

బాబాయి తిరిగి రాలేదు. రోడ్డు నుంచి మూడో వీధిలో, భూకంపం వచ్చిన ఐదో రోజు, మంగళవారం, సాయంత్రం నాలుగూ పదికి.