శుక్రవారం జనాజాకు మంగళవారం అర్జీ

1943 మే. కర్నూలు ట్రావెలర్స్ బంగళాలో బ్రీఫింగ్ నాలుగు నిమిషాల్లో ముగిసింది.

“శుక్రవారం పదింటికి కడప స్టేషన్ నుంచి ఆరు లారీలు బయలుదేరతాయి. మిలటరీ మందుగుండు,” అన్నాడు సి.ఐ.డి. డిప్యూటీ సూపరింటెండెంట్. “జపాన్ డబ్బుతో నడిచే ముఠా ఒకటి వాటిని పేల్చాలని చూస్తోంది. నాయకుడు రంగూన్‌లో పుట్టి పెరిగినవాడు. బర్మా సేఠ్ అంటారు. మొహం మనవాళ్లెవరూ చూడలేదు.”

“లోపల మన మనిషి ఉన్నారా సార్?” అడిగాడు ఏజెంట్ ఏడు, యూసుఫ్.

“ఏజెంట్ పదకొండు. ఆడమనిషి. సేఠ్ ఆమెను తన ఏజెంటే అనుకుంటున్నాడు. కోడ్‌వర్డ్, కోసిగి వాన.”

మర్నాటికి యూసుఫ్ కడప మునిసిపల్ ఆఫీసులో అర్జీల గుమాస్తా అయ్యాడు. పెట్టుడు మీసం, కళ్లద్దాలు, మూతలో బ్లేడు దాచిన ఫౌంటెన్ పెన్ను.

మంగళవారం ఆమె వచ్చింది. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, బయట మోటారు కారు. గుమాస్తాలు రాయడం ఆపేశారు.

“కోసిగిలో వాన పడిందా అప్పా?”

“కోసిగికి వానెప్పుడు పడింది?” అన్నాడు యూసుఫ్.

ఆమె కళ్లద్దాలు తీసింది. రహమతున్నీసా. తొమ్మిదేళ్ల కిందట అతనితో పెళ్లి కుదిరి, నిఖాకు వారం ముందు తండ్రి వెంట రంగూన్ ఓడ ఎక్కిన మనిషి. మీసం వెనక ఎవరున్నారో ఆమెకూ తెలిసింది. అర్జీ బల్ల మీద పెట్టింది.

శుక్రవారం తొమ్మిది నుంచి పదకొండు దాకా స్టేషన్ రోడ్డులో జట్కా, ఎద్దుబండి, బస్సు ఏదీ నిలపరాదని ఉత్తర్వు ఇప్పించాలి. కారణం, జనాజా, అంటే ముస్లింల శవయాత్ర.

హెడ్ గుమాస్తా ప్రేమయ్య మెడ చాచి చదివాడు. “ఏందమ్మా ఇది! శుక్రవారం పోయేటోనికి మంగళవారమే అర్జీనా? ఆయప్ప చావుకు ముహూర్తం పెట్టించుకున్యాడా?”

“మూడు దినాలు ముందు పెట్టాలని మీ రూలే కదా?”

“అది పెండ్లి ఊరేగింపులకమ్మా. మీలో పొద్దున పోతే సాయంత్రానికల్లా మట్టి. దానికి అర్జీ ఎవురు పెడతారు?” ప్రేమయ్య నవ్వుతూనే కాఫీకి వెళ్లాడు.

ఆమె గొంతు తగ్గించింది. “ఆ కారణం సేఠ్‌కు నేనే చెప్పినా. వానికి మన పద్ధతులు తెలీవు. కడపోళ్లు చదివితే ఇది దొంగ జనాజా అని పట్టుకుంటారని.”

“జనాజాలో ఏముంటాది?”

“బండల గనిలో దొంగిలించిన డైనమైట్. పదింటికి పేలేటట్ల గడియారం. రోడ్డు ఖాళీగా ఉంటే లారీల పక్కకే తెస్తారు. సేఠ్ ముందర నడుస్తాడు. అంతవరకు వాడు యాడుంటాడో నాకూ తెలీదు.”

“నువ్వింక పోవద్దు. ఈన్నే ఉండు.”

“పోకుంటే వాడు రోడ్డు మారుస్తాడు. శుక్రవారం జుమ్మా నమాజు కాగానే వస్తా. ఈసారి ఓడ ఎక్కన్లే.”

యూసుఫ్ ముద్ర వేశాడు. రూలు ప్రకారం బుధవారం స్టేషన్ రోడ్డులో నోటీసు అంటించాడు. రూలు ప్రకారం అందులో కారణం కూడా రాశాడు.

శుక్రవారం తొమ్మిదీ యాభైకి జనాజా వచ్చింది. రోడ్డు మీద ఒక్క బండి లేదు. మోసేవాళ్లు నలుగురు, ముందు తెల్లటోపీ పెట్టుకున్న పెద్దమనిషి. యూసుఫ్ దారిన పోయేవాడిలా ఎదురెళ్లాడు. జనాజా ఎదురైతే ఎవరైనా భుజం పట్టి నాలుగడుగులు వేస్తారు. వద్దనే హక్కు ఎవరికీ లేదు. యూసుఫ్ ఒక కొన అందుకున్నాడు. మఫ్టీలో ఉన్న ముగ్గురు కానిస్టేబుళ్లు తక్కిన మూడూ అందుకున్నారు.

“చాలు, ఇక ఇవ్వండి,” అన్నాడు తెల్లటోపీ.

“అట్లంటావేందప్పా? పుణ్యం మాకూ రానీ.”

నలుగురూ జనాజాను పక్కనున్న ఖాళీ మైదానంలోకి తిప్పారు. సందులోంచి వచ్చిన పోలీసులు తెల్లటోపీకి, అతని మనుషులకు బేడీలు వేశారు.

యూసుఫ్ గుడ్డ తీశాడు. డైనమైట్ పెట్టె ఉంది. దాని మీద రహమతున్నీసా ఉంది. మెడ చుట్టూ తాడు గుర్తు. గడియారం చప్పుడు ఆమె వీపు కింది నుంచి వస్తోంది. అతను చెయ్యి అక్కడికి పోనిచ్చి, తీగ వెతికి, పెన్ను మూతలోని బ్లేడుతో కోశాడు. చప్పుడు ఆగింది. పదికి ఇంకా ఇరవై సెకన్లుంది. చెయ్యి మాత్రం వెంటనే తీయలేదు.

“ఎందుకు చంపినావు?”

“మీ నోటీసు చదివి నిన్న జట్కావాళ్లు నవ్వారు,” అన్నాడు బర్మా సేఠ్. “చావుకు మూడు రోజుల ముందు అర్జీ ఏమిటని. ఆ కారణం రాయించింది ఆమె. అప్పుడు అర్థమైంది. రోడ్డు మార్చడానికి వేళ లేదు. అర్జీలో జనాజా అని ఉంది. నిజం చేశాను.”

నోటీసు రాసిన పెన్ను యూసుఫ్ చేతిలోనే ఉంది.

పెట్టె దించారు. ఒక కానిస్టేబుల్ పుస్తకం తీశాడు. “ఈయమ్మ తరపున ఎవురన్నా ఉండారా సార్?”

యూసుఫ్ పెన్ను మూత బిగించాడు. “నా పేరు రాసుకో.”

నలుగురూ మళ్లీ జనాజా ఎత్తుకుని రోడ్డెక్కారు. లారీలు ఎదురొచ్చాయి. ముందు లారీ డ్రైవరు బ్రేకు వేసి దిగి, టోపీ సర్దుకుని భుజం పట్టాడు. వెనక అయిదూ ఆగాయి. ఆరుగురు డ్రైవర్లూ వంతులవారీగా మోశారు.

ఆపరేషన్ సంగతి తెలియని బందోబస్తు కానిస్టేబుల్ దాసన్న పరుగెత్తుకొచ్చాడు. “ఆర్డరు పదకొండు దాకా ఉండాది, బండ్లు తీయండప్పా!”

ఎవరూ తీయలేదు.

ఆ నెలలో స్టేషన్ రోడ్డు మీద బండి నిలిపినందుకు దాసన్న రాసిన కేసులు ఆరు. ఆరూ మిలటరీవే.