తేలే బస్సు

గుడివాడ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద కత్తిపోటుకి కూలిపోతూ సీక్రెట్ ఏజెంట్ వెంకటపతి సెల్‌ఫోనులో ఒక్క ముక్కే చెప్పగలిగాడు.

"బందరు తేలే బస్సులో బాంబు."

అవతల విన్నది అతని శిష్యుడు రత్నరాజు. ఏడవడానికి టైము లేదు. వెంటనే చీఫ్ ఫోను.

"ట్రయల్ రన్ ఆపడానికి పైవాళ్లు ఒప్పుకోలేదు. కండక్టరుగా ఎక్కు."

వానొస్తే బందరులో టౌన్ బస్సులు నీళ్లలో ఆగిపోతాయి. అందుకే ఇంజనీరు ఇంద్రజ, ఫ్యాన్లు ఊదే గాలి పరుపు మీద రోడ్డుపైనా, కాలువలోనూ తేలుతూ నడిచే బస్సు తయారుచేసింది. తమ ఖరీదైన రైళ్లు అమ్ముకోవాలనుకున్న విదేశీ ముఠాకి అది జనంతో సహా పేలిపోవాలి.

బస్సు కాలువలోకి దిగింది. నిండా స్కూలు పిల్లలు, చేపల గంపతో రాఘవమ్మ. ముందు సీట్లో టీవీ రిపోర్టరు వేషంలో సాటి ఏజెంట్ హిమబిందు. పెడన కలంకారీ చీర, నల్ల కళ్లద్దాలు.

"రంగు గట్టిదేనాండీ?" రత్నరాజు కోడ్ అడిగాడు.

"ఉప్పునీళ్లకి కూడా పోదండీ."

జవాబు సరైనదే. కానీ ముఠా రేడియో సిగ్నల్ పసిగట్టే అతని వాచీ ముల్లు ఆమె హ్యాండ్‌బ్యాగ్ వైపు వణికింది. లోపల ముఠా వైర్‌లెస్.

"వెంకటపతి గారిని చంపేశారు," అన్నాడు మెల్లగా.

ఆమె మొహం పాలిపోయింది. "ఇంజను ఆగిపోతుంది, అంతే అన్నారు రాజూ! కింద ఫ్యాను పక్కన పెట్టాను. వంతెన మీద ముఠావాడు రిమోటుతో ఉన్నాడు."

"తీయగలమా?"

"నడుస్తుంటే చెయ్యి పెట్టలేం."

వంతెన దగ్గరపడుతోంది. రత్నరాజు డ్రైవరు సీట్లో ఉన్న ఇంద్రజ దగ్గరికి పరుగెత్తాడు.

"ఫ్యాన్లు ఆపండి!"

"మునిగిపోతుందండీ!"

"మునగాలి. కింద బాంబుంది. నీళ్లలోకి సిగ్నల్ అందదు."

"తడిస్తే పేలదని నమ్మకమేనా?"

"లేదు."

ఇంద్రజ వెనక్కి తిరిగి పిల్లల్ని చూసింది. ఏళ్ల తరబడి కట్టుకున్న కల. కళ్లు మూసుకుని స్విచ్ ఆపింది.

బస్సు చతికిలబడింది. బురదనీళ్లు లోపలికి దూకాయి. కేకలు, ఏడుపులు. రత్నరాజు చేతికందిన పిల్లల్ని సీట్ల మీదికి ఎక్కించాడు. వంతెన మీద టోపీవాడు బటన్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. ఏమీ కాలేదు. హిమబిందు ఫోనులో ఆనవాళ్లు చెప్పగానే గట్టు మీద కాపలా ఉన్న పోలీసులు వాడి మీద పడ్డారు. తర్వాత ఆమె బేడీల కోసం తన చేతులు తనే ముందుకు చాపింది.

నడుంలోతు నీళ్లలో నిలబడి, గంప నెత్తికెత్తుకున్న రాఘవమ్మ కండక్టరు వైపు ఉరిమి చూసింది.

"ఇదే ఆఖరి స్టాపని ముందే చెప్పొచ్చు కదండీ! చీర ఎత్తి కట్టుకునేదాన్ని."